ఊళ్లో ఆయాసం జాబితాలో 31 మంది: శిబిరం ఒక్కరోజు, మరి ఆ తర్వాత?

ప్రశ్న: పలకలగని_సీహెచ్ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు)

అందరికీ నమస్కారం. మార్కాపురం వైపు మూడు ఊళ్లకు కలిపి మాది ఒకటే విలేజ్ హెల్త్ క్లినిక్. ఆశా అక్కలు 30 ఏళ్లు దాటినవాళ్లకు సీబ్యాక్ ఫారాలు (జబ్బు లక్షణాలు, అలవాట్లు అడిగే పత్రాలు) నింపితే దగ్గు, ఆయాసం అన్నవాళ్లు 31 మంది తేలారు. అందులో 17 మంది ఆడవాళ్లు. వాళ్లలో చుట్ట, బీడీ తాగేవాళ్లు తక్కువ, ముప్ఫై నలభై ఏళ్లుగా కట్టెల పొయ్యి దగ్గర వంట చేస్తున్నవాళ్లే ఎక్కువ. మగవాళ్లలో పలకల గనుల్లో పనిచేసినవాళ్లు, పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే గదుల) దగ్గర మంట వేసినవాళ్లు ఉన్నారు. నలుగురు ఎప్పుడో టీబీ కోర్సు వాడారు. ఊళ్లో మాత్రం అందరి జబ్బుకూ ఒకటే పేరు, ఉబ్బసం.

నవంబరు మూడో బుధవారం ప్రపంచ సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఉండే ఆయాసం జబ్బు) దినం, ఆ రోజు శిబిరం. స్పైరోమీటరు (ఊదించి ఊపిరితిత్తుల బలం కొలిచే మిషను), టెక్నీషియన్ ఆ ఒక్కరోజుకే వస్తారు. అందరినీ ఒకేరోజు ఊదించడం కుదురుతుందా? ఎవరిని ముందు కూర్చోబెట్టాలి? ఇన్‌హేలర్ ఇస్తే ‘అలవాటైపోతుంది, అది ఆఖరి మందు’ అని పక్కన పెట్టేస్తున్నారు. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే పది నిమిషాల్లో తేలికపడుతోందంటున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి? గ్యాస్ ఉన్న ఇళ్లలో కూడా పొయ్యి ఆరడం లేదు, దానికేమైనా దారి ఉందా?

---

ఊపిరి_ఓపీ (ఛాతీ వైద్యం)

జాబితా చేతిలో పెట్టుకుని అడిగారు, సగం పని అయినట్టే. 31 మందినీ ఒక్కరోజులో ఊదించాలని మాత్రం పెట్టుకోకండి. ఒక మిషను మీద రోజుకు పదిహేను మందిని సరిగ్గా చేస్తే గొప్ప. హడావుడిగా ఊదించిన 31 కాగితాలకంటే నమ్మదగిన 15 కాగితాలు మేలు. మిగిలినవాళ్లకు ఇంకో రోజు అడిగి తెచ్చుకోండి.

శిబిరానికి వారం ముందే చేయాల్సిన పని ఉంది. రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం, వీటిలో ఏది ఉన్నా ముందు కళ్లె పరీక్షకు పంపండి. టీబీ లేదని తేలాకే గొట్టం ఊదాలి, లేకపోతే అదే గదిలో పక్కవాళ్లకు అంటించినవాళ్లమవుతాం. ఒకసారి టీబీ వచ్చి తగ్గిన నలుగురికీ ఇది మరీ ముఖ్యం. వాళ్లకు జబ్బు తిరగబెట్టి ఉండొచ్చు, లేదా పాత మచ్చల వల్ల గాలి గొట్టాలు ఇరుకై ఉండొచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నెలలోపు గుండెపోటు వచ్చినవాళ్లను, ఈమధ్యే కంటి ఆపరేషన్ గానీ కడుపు ఆపరేషన్ గానీ అయినవాళ్లను ఊదించొద్దు.

అదే వారంలో బీపీ, హిమోగ్లోబిన్, కాళ్ల వాపు చూసేయండి. ఆయాసం అన్న ఆడవాళ్లలో కొందరికి రక్తహీనతే అసలు కారణం కావచ్చు. పడుకుంటే ఆయాసం ఎక్కువై, కాళ్లు వాచేవాళ్లకు గుండె చూడాలి. వీళ్లను విడదీస్తే స్పైరోమీటరు దగ్గర వరస దానంతటదే చిన్నదవుతుంది.

ముందు కూర్చోబెట్టాల్సింది ఎవరినంటే, చదును నేల మీద కూడా తన ఈడువాళ్లతో సమంగా నడవలేక వెనకబడేవాళ్లు, వంద గజాలకే ఆగి ఊపిరి తీసుకునేవాళ్లు, పోయిన ఏడాదిలో ఆయాసంతో ఆసుపత్రిలో చేరినవాళ్లు. ‘పొగ తాగుతారా’ అని అడిగితే ఆడవాళ్లు లేదనే అంటారు. ‘చుట్ట కాలుస్తావా అమ్మా, అడ్డపొగ వేస్తావా (నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగుతావా)’ అని విడిగా, పక్కన ఎవరూ లేనప్పుడు అడగాలి.

ఇక పరీక్ష. చెప్పులు విప్పించి ఎత్తు కొలవండి. ఎత్తు తప్పితే రావాల్సిన విలువలన్నీ తప్పుతాయి. ఒక్కొక్కరికి కొత్త ఫిల్టరు, ముక్కుకు క్లిప్పు, నిటారుగా కూర్చోవడం. ‘నిండుగా పీల్చు, ఒక్కసారిగా కొట్టినట్టు ఊదు, ఇంకా, ఇంకా, ఇంకా’ అని పక్కన నిలబడి గట్టిగా చెప్పేవాళ్లు ఉండాలి. కనీసం 6 సెకన్లు ఊదాలి. మూడు సరైన ఊదుళ్లు రావాలి, వాటిలో మంచివి రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలోపు ఉండాలి. ఎనిమిదిసార్లకూ రాకపోతే ఆపేయండి, మనిషి అలసిపోతాడు.

తప్పులు ఇక్కడే జరుగుతాయి. మధ్యలో ఊదడం ఆపేస్తే మొత్తం గాలి, అంటే ఎఫ్‌వీసీ, తక్కువగా నమోదవుతుంది. అప్పుడు నిష్పత్తి బాగున్నట్టు కనిపించి, జబ్బున్న మనిషి ‘నార్మల్’ కాగితంతో ఇంటికి వెళ్తాడు. మెల్లగా మొదలుపెడితే మొదటి సెకను గాలి, అంటే ఎఫ్‌ఈవీ1, తగ్గి లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది. అందుకని అంకెకంటే ముందు మిషను గీసే గీత చూడండి. నిటారుగా లేచి, మెల్లగా వాలి, నేలను తాకాలి. మధ్యలో తెగితే అది లెక్కకు రాదు.

మందు లేకుండా ఒకసారి ఊదించినప్పుడు ఎఫ్‌ఈవీ1ని ఎఫ్‌వీసీతో భాగిస్తే 0.70 గానీ, పైన గానీ ఉంటే చాలామందికి అక్కడితో ఆపొచ్చు. అంతకు తక్కువ వచ్చినవాళ్లకే సాల్బ్యుటమాల్ (గాలి గొట్టాలను వదులు చేసే మందు) 4 పఫ్‌లు, అంటే 400 మైక్రోగ్రాములు, స్పేసర్‌తో (పంపుకు తగిలించే బోలు డబ్బాతో) ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ ఊదించండి. ఉదాహరణకు మందు తర్వాత ఎఫ్‌ఈవీ1 1.2 లీటర్లు, ఎఫ్‌వీసీ 2.4 లీటర్లు వస్తే నిష్పత్తి 0.50. అప్పుడు కూడా 0.70 లోపే ఉంటే సీఓపీడీ. మందు తర్వాత పూర్తిగా మామూలుకు వస్తే ఆస్తమా వైపు ఆలోచించాలి. గనుల్లో చేసినవాళ్లకు ఇంకో మాట. నిష్పత్తి బాగుండి ఎఫ్‌వీసీ మాత్రం బాగా తక్కువ వస్తే ‘పర్వాలేదు’ అనకండి, ఛాతీ ఎక్స్‌రే తీయించండి. రాతి దుమ్ము ఊపిరితిత్తిని గట్టిపరిస్తే లెక్క ఇలాగే వస్తుంది.

సూది సంగతి. అది పనిచేయదని చెప్తే మీ మాట ఎవరూ నమ్మరు, ఎందుకంటే వాళ్లకు తేలిక తెలుస్తోంది. అందులో ఎక్కువగా ఉండేది థియోఫిలిన్ జాతి మందు, దానితో పాటు స్టెరాయిడ్. తేలికవుతుంది, నిజమే. నెలకు రెండుమూడుసార్లు ఏళ్ల తరబడి పడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లం వస్తుంది, చర్మం పల్చనై చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోతుంది. అది చెప్పి, ఈ లెక్క చూపించండి: 4 మిల్లీగ్రాముల సాల్బ్యుటమాల్ మాత్ర అంటే 4000 మైక్రోగ్రాములు. ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు అంటే 200. ఇరవయ్యో వంతు మందు, అదీ సరాసరి ఊపిరితిత్తికి. ‘ఆఖరి మందు’ కాదమ్మా, అన్నిటికంటే చిన్న మోతాదు మందు ఇదే అని చెప్పండి.

ఆర్‌ఎంపీని శిబిరానికి పిలవండి. రాత్రి రెండింటికి ఆయాసం వస్తే ఊళ్లో తలుపు తీసేది ఆయనే. ఆయన చేతిలో స్పేసర్ ఉంటే ఊరికి మేలు.

---

మందుల_కిటికీ (ఫార్మసిస్ట్)

డాక్టరు గారు చెప్పినదానికి మందు ఇచ్చే చోట జరిగే పొరపాట్లు కలుపుతాను. పీల్చే మందు పనిచేయలేదంటే చాలాసార్లు మందు ఊపిరితిత్తి దాకా వెళ్లలేదనే అర్థం.

అన్నిటికంటే పెద్ద పొరపాటు, పొడి మందు గొట్టాన్ని (క్యాప్సూల్‌ను) మింగేయడం. మాత్రలతో పాటు ఒకే కవర్లో వేసి, పైన ‘1-0-1’ అని రాసి ఇస్తాం. వాళ్లు నీళ్లతో మింగుతారు. నెల మొత్తం మింగి ‘పని చేయట్లేదండీ’ అని వస్తారు. గొట్టాలు వేరే కవర్లో, మిషనుకు రబ్బరు బ్యాండు వేసి కట్టి, ‘మింగరాదు, పీల్చాలి’ అని ఎర్ర అక్షరాలతో రాసి ఇవ్వండి.

రోటాహేలర్ (పొడి మందు పీల్చే మిషను) వాడే పద్ధతి: గొట్టం పారదర్శకంగా ఉన్న కొస కిందికి పెట్టి చదరపు కన్నంలో గట్టిగా నొక్కాలి. పైకొస అంచుకు సమంగా దిగాలి. కింది భాగాన్ని ఒకవైపు పూర్తిగా తిప్పితే గొట్టం విడిపోతుంది. పక్కకు తిరిగి ఊపిరి వదిలి, పెదాలు బిగించి, వేగంగా, గట్టిగా, లోతుగా పీల్చాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. తర్వాత మిషను తెరిచి చూస్తే పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చాలి. మిషనులోకి ఊపిరి వదిలితే ఆవిరి తగిలి పొడి ముద్దకడుతుంది, వానాకాలంలో గొట్టాలు ముందే తీసి పెట్టుకున్నా అంతే.

నొక్కే పంపుకు దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ మెల్లగా పీల్చాలి. వేగంగా పీలిస్తే మందంతా గొంతు వెనక గోడకు కొట్టుకుని ఆగిపోతుంది. నాలుగైదుసార్లు ఊపి, స్పేసర్‌కు తగిలించి, ఊపిరి వదిలి, ఒక్క పఫ్ నొక్కి, ఐదు సెకన్లపాటు మెల్లగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా ఆపాలి. ఆపలేనివాళ్లు అదే స్పేసర్‌లో ఐదారుసార్లు మామూలుగా ఊపిరి తీసినా చాలు. రెండు పఫ్‌లు ఒకేసారి కొట్టొద్దు. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండోది. కొత్త పంపును, చాలా రోజులు పక్కన పెట్టినదాన్ని ముందు గాలిలోకి రెండుమూడుసార్లు కొట్టి చూడాలి.

చేతి వేళ్లు వంగనివాళ్లకు పొడి మందు, గట్టిగా పీల్చే శక్తి లేనివాళ్లకు స్పేసర్‌తో పంపు. ఒకే మనిషికి ఈ రెండూ కలిపి రాస్తే ఏది మెల్లగా, ఏది వేగంగా అన్నది తారుమారు చేసేస్తారు. వీలైనంత వరకు ఒకటే రకం అడగండి.

స్పేసర్‌ను వారానికోసారి గోరువెచ్చని సబ్బు నీళ్లలో ముంచి, లోపల గుడ్డతో తుడవకుండా నీడలో ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిరవిద్యుత్తు పుట్టి మందును గోడకే పట్టేస్తుంది.

పంపు ఎప్పుడు అయిపోయిందో చాలామందికి తెలియదు. 200 పఫ్‌ల పంపును రోజుకు నాలుగు వాడితే 50 రోజులు. ఇచ్చే రోజే మార్కరుతో డబ్బా మీద మొదలు తేదీ, అయిపోయే తేదీ రాయండి. మందు అయిపోయాక కూడా గ్యాస్ బుస్సుమంటూనే ఉంటుంది, వాళ్లు దాన్నే పీలుస్తుంటారు. అంకెలు చూపే పంపు వస్తే ఈ బాధ లేదు.

స్టెరాయిడ్ కలిసిన పీల్చే మందు వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లగా పూత పూసి, మంట పుట్టి, మందే మానేస్తారు.

స్టాకు కోసం ఇప్పుడే లెక్క పంపండి. 20 మందికి రోజుకు రెండు గొట్టాల చొప్పున నెలకు 1200. శిబిరం రోజు ఇచ్చి, రెండో నెల లేదంటే మళ్లీ సూది దగ్గరికే వెళ్తారు. సాల్బ్యుటమాల్, బ్యుడెసొనైడ్, టియోట్రోపియం జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే, ఆ మాట రాసి మెడికల్ ఆఫీసరు గారికి ఇండెంట్ పెట్టండి. బయట కొనాల్సి వస్తే జన ఔషధి దుకాణం ఎక్కడుందో చెప్పండి.

---

దాలిగుంట (పొయ్యిలు, వంటింటి పొగ)

గ్యాస్ ఉన్నా పొయ్యి ఎందుకు ఆరదని అడిగారు. వంట మాన్పించాలని చూస్తాం గానీ, పొయ్యి మండేది చాలా ఇళ్లలో వంటకోసం కాదు. స్నానాల నీళ్లకు, పశువుల కుడితికి, పాలకు. దాలిగుంటలో పిడకలు పేర్చి పైన పాలకుండ పెడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంట లేకుండా రాజుతూనే ఉంటుంది. మంట కనపడదు కాబట్టి పొగ లేదనుకుంటారు. కణకణమండే కట్టెకంటే రాజే పిడకే ఊపిరితిత్తికి చేటు. ఫారంలో ‘వంట దేనితో’ అని ఒక్కటే అడిగితే గ్యాస్ అంటారు. ‘నీళ్లు దేనితో కాస్తారు, పాలు దేని మీద, దాణా ఎక్కడ’ అని మూడూ అడగండి.

ఖర్చు మాట కూడా ఉంది. నలుగురైదుగురున్న ఇంట్లో పనంతా గ్యాస్ మీదే అయితే 14.2 కిలోల బండ నెలన్నర మించి రావడం కష్టం. దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు బండలు ఉచితం, మిగతావి కొనుక్కోవాలి. అందుకని ‘పొయ్యి తీసేయండి’ అనకుండా, ఆయాసమున్న మనిషికి పొగ తగలకుండా చేయమనండి. పప్పు, బియ్యం ముందు నానబెట్టి కుక్కర్లో పెడితే గ్యాస్ మిగులుతుంది. ఆ మిగిలినదానితో పాలు కాచుకోవచ్చు. స్నానాల నీళ్లకు నల్ల రంగు వేసిన డ్రమ్ము మిద్దె మీద ఎండలో పెడితే మన వైపు ఎండకు ఏడాదిలో చాలా నెలలు పొయ్యి అవసరం రాదు. దాలి, నీళ్ల పొయ్యి వసారాలోంచి పెరట్లోకి, గాలి ఇంటివైపు కొట్టని చోటుకు మార్చాలి. వెలిగించే పని ఆయాసం లేని మనిషి చేయాలి, మొదటి పది పదిహేను నిమిషాల్లోనే పొగ దట్టంగా వస్తుంది. ఎండిన కందికట్టెతో అంటించాలి, ప్లాస్టిక్ కవర్లతో అస్సలు వద్దు.

ఊదుడు గొట్టం మాన్పించండి. ఒక్కోసారి ఊదే ముందు మొహం పొయ్యిలో పెట్టి నిండుగా పీల్చాలి కదా, ఆ పీల్చేది పొగే. విసనకర్ర చాలు.

సాయంత్రం దోమలకు వేసే వేపాకు పొగ, గదిలో మస్కిటో కాయిల్ కూడా అడగండి. దోమతెర ఉంటే ఆ రెండూ అక్కర్లేదు.

---

నడక_ఫిజియో

కాస్తే చెప్తాను, కానీ వదిలేయకండి. ఆయాసమొచ్చిందని మంచానికి పరిమితం చేస్తే కాళ్ల కండ కరిగి, అదే పనికి ఇంకా ఎక్కువ ఆయాసం వస్తుంది. వారానికి కనీసం మూడు రోజులు, రోజుకు 20 నిమిషాల నడక, మధ్యలో ఆగినా సరే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పది సార్లు, అర లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులతో ఎత్తి దించడం పది సార్లు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆపకుండా చేస్తే తేడా తెలుస్తుంది. పక్కవాళ్లతో నాలుగు ముక్కలు మాట్లాడగలిగేంత ఆయాసం రావచ్చు. మాట మధ్యలో తెగిపోతుంటే ఆగాలి. ఆక్సీమీటరు 88 కిందికి దిగినా ఆగాలి.

ఆయాసం వచ్చినప్పుడు కూర్చుని ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించి, ముక్కుతో రెండు అంకెలు పీల్చి, పెదాలు ఈల వేసేటట్టు చుట్టి నాలుగు అంకెలు మెల్లగా వదలాలి. బిందె ఎత్తేటప్పుడు, మెట్టు ఎక్కేటప్పుడు బిగబట్టకుండా వదులుతూ చేయాలి. శిబిరంలో ఇది మాటలతో చెప్తే ఎవరికీ గుర్తుండదు, ఒక్కొక్కరితో చేయించండి.

---

పలకలగని_సీహెచ్ఓ

అందరికీ ధన్యవాదాలు. పొడి మందు మింగుతున్నారేమోనన్న ఆలోచనే రాలేదు, రేపే ఇంటింటికీ వెళ్లి అడుగుతాం. ఇంకో రెండు అడగాలి. ఒక పెద్దాయనకు పిల్లలు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను) కొనిచ్చారు. ఆయాసం వచ్చినప్పుడల్లా 5 లీటర్ల మీద పెట్టుకుంటున్నారు, పక్కనే బీడీ కూడా. కరెంటు పోతే ఏం చేయాలంటున్నారు. రెండోది, ఎప్పుడు ఇంట్లో చూసుకోవాలి, ఎప్పుడు 108 పిలవాలి అన్నది ఆశా అక్కలు ఇళ్లలో చెప్పేలా చిన్నగా కావాలి.

---

ఊపిరి_ఓపీ

ముందు బీడీ. ఆక్సిజన్ నడుస్తున్న గదిలో బీడీ, అగ్గిపుల్ల, పొయ్యి, దీపం ఏదీ ఉండకూడదు. ఆక్సిజన్ తడిసిన దుప్పటి, గడ్డం, ముక్కు గొట్టం ఒక్కసారిగా అంటుకుంటాయి. మొహం కాలిపోతుంది. ఈ మాట ఆయనకే కాదు, ఇంట్లో అందరికీ చెప్పండి. బీడీ మానడానికి 1800-11-2356 జాతీయ ఉచిత నంబరు ఉంది, మీ ఫోన్‌తో మీరే కలిపి ఇవ్వండి.

5 లీటర్లు వద్దు. ముదిరిన సీఓపీడీలో ఆక్సిజన్ ఎక్కువైతే కొందరికి బొగ్గుపులుసు గాలి రక్తంలో పేరుకుని మత్తుగా నిద్రలోకి జారిపోతారు. ఇంట్లోవాళ్లు హాయిగా పడుకున్నారనుకుంటారు. ఆక్సీమీటరులో మన గురి 88 నుంచి 92 మధ్య, 98 కాదు. మామూలుగా ముక్కు గొట్టంతో 1 నుంచి 2 లీటర్లు సరిపోతుంది. అసలు ఇంట్లో ఆక్సిజన్ అవసరమా లేదా అన్నది ఆయాసాన్ని బట్టి కాదు, కుదురుగా ఉన్న రోజుల్లో, కూర్చోబెట్టి చూసినా 88 లేదా అంతకు తక్కువ ఉందా అన్నదాన్ని బట్టి, ధమని రక్త పరీక్షతో తేల్చాలి. అవసరమైతే రోజుకు 15 గంటలకు తగ్గకూడదు, అప్పుడప్పుడు పది నిమిషాలు పెట్టుకుంటే లాభం లేదు. ఆక్సీమీటరు పెట్టేటప్పుడు గోళ్ల రంగు తీసి, చల్లని వేలు రుద్ది, ఐదు నిమిషాలు కూర్చున్నాక, అంకె నిలకడయ్యేదాకా ఆగి చూడండి.

కరెంటు పోయేచోట ఒక బి టైపు సిలిండరు పక్కన ఉండాలి. అందులో సుమారు 1500 లీటర్లు పడుతుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. కాన్సన్‌ట్రేటర్ వెనక ఉన్న జల్లెడలాంటి ఫిల్టరును వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి, గోడకు ఆనించి పెట్టొద్దు. దుమ్ము పేరుకుంటే మిషను తిరుగుతూనే ఉంటుంది, వచ్చే గాలిలో ఆక్సిజన్ మాత్రం పలుచనవుతుంది.

ఇళ్లలో చెప్పడానికి ఇలా పెట్టుకోండి. రోజూ ఉండేదానికంటే ఆయాసం పెరగడం, కళ్లె ఎక్కువవడం, తెల్లగా ఉన్నది పచ్చగా చిక్కబడడం, ఈ మూడింటిలో రెండు కనిపిస్తే అదే రోజు క్లినిక్‌కు రావాలి, సంతదాకా, ఆదివారందాకా ఆగొద్దు. డాక్టరు రాస్తే ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మాత్ర) 40 మిల్లీగ్రాములు రోజుకోసారి ఐదు రోజులే, కళ్లె రంగు మారితే యాంటీబయాటిక్ కూడా. ఆ చీటీ దాచుకుని ప్రతి జలుబుకూ వాడకూడదు.

మాట పూర్తిగా రాకపోవడం, పెదాలు నీలిబారడం, మనిషి తికమకగా మాట్లాడడం లేదా లేపినా మత్తుగా ఉండడం, ఆక్సిజన్ 88 కిందికి పడడం, వీటిలో ఒక్కటి చాలు, 108 పిలవాలి. బండి వచ్చేలోపు కూర్చోబెట్టి, సాల్బ్యుటమాల్ స్పేసర్‌తో ఒక్కొక్కటిగా 4 పఫ్‌లు, 20 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ 4. బండిలోవాళ్లకు ‘సీఓపీడీ, 88 నుంచి 92’ అని చెప్పాలి. ఆ ముక్కను పాకెట్ సైజు కార్డు మీద రాసి, ప్రతి మనిషి రేషన్ కార్డుతో పాటు ఉంచమనండి.

శిబిరం రోజే ప్రతి ఒక్కరికీ ఏడో రోజు, ముప్ఫయ్యో రోజు, మూడో నెల తేదీలు కార్డు వెనక వేసి పంపండి. ఏడో రోజు ఆశా అక్క ఇంటికి వెళ్లి అడగాల్సింది ఒక్కటే, ‘ఇన్‌హేలర్ తెచ్చి నా ముందు వాడి చూపించమ్మా’. శీతాకాలం మొదలుకాకముందే ఫ్లూ టీకా, న్యూమోకాకల్ టీకా దొరికే వీలుందేమో కూడా కనుక్కోండి.